ఆనందమ్మకు నచ్చని సినిమా

ఆనందమ్మ ఏడాదికి ఒక్క సినిమా చూసేది, అదీ మే నెలలో. ప్రొద్దుటూరులో ఎండ నలభై నాలుగు దాటి, మధ్యాహ్నం కరెంటు పోయి, ఇంట్లో గచ్చు మీద కాలు పెట్టలేని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు పక్కింటి జైనబ్‌ను వెంటబెట్టుకుని ఏసీ థియేటరుకు పోయేది. ఏ సినిమా, ఎవరు హీరో అని అడిగేది కాదు. మూడు గంటలు చల్లగా కూర్చుంటే చాలు. వివరాలన్నీ జైనబ్ చూసుకునేది. ఆమె ఇంట్లో బట్టలు కుడుతుంది. మిషను పక్కనే సినిమా పత్రికల దొంతర ఉంటుంది.

ఎన్నికలకు ఇంకో ఏడాది ఉందనగా వచ్చిన వేసవిలో వాళ్లు పోయింది 'పెన్నా పంతం' రెండో భాగానికి. మొదటి భాగం రెండేళ్ల కింద ఇదే థియేటరులో, ఇలాంటి ఎండల్లోనే చూశారు. అందులో హీరో విలన్‌ను, వాడి ఇద్దరు కొడుకులను, నలభై మంది మనుషులను నరికి జైలుకు పోయాడు.

"అందరూ సచ్చిపాయిరి గదా, ఇంక ఎవర్ని సంపేకి రెండోది తీసినారు?" అని ఆనందమ్మ టికెట్ల వరసలోనే అడిగింది.

"విలన్‌కు బెంగుళూరులో తమ్ముడుండాడంటక్కా," అంది జైనబ్.

"మరి అన్న సస్తాంటే అప్పుడు రాలేదేం ఆ తమ్ముడు? లీవు దొరకలేదా?"

ఆనందమ్మ ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో పెద్ద నర్సు. పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. నర్సు పని మొదలుపెట్టిందీ అక్కడే. ఇరవయ్యారేళ్లుగా కట్లు కడుతోంది. ఆ ఇరవయ్యారేళ్లలో సగం, ఊళ్లకు ఊళ్లు రెండు పార్టీలుగా చీలి కొట్టుకున్న కాలమే. బాంబు పడిన మనిషిని జీపులో వేసుకొస్తే డాక్టరు చేతులు కడుక్కుని వచ్చేలోపల ముందు చూసేది ఆమె. అందుకే తెర మీద జరిగేది ఆమెకు మింగుడు పడలేదు. హీరో అనుచరుడి మీద బాంబు పడి చెయ్యి చితికింది. వాడు హీరో ఒళ్లో తల పెట్టుకుని తీరిగ్గా మాట్లాడాడు. చెల్లెలి పెళ్లి అన్నాడు, సీమ మట్టి అన్నాడు, వచ్చే జన్మ అన్నాడు. వాడి చొక్కా జేబులో పెన్ను కూడా చెక్కు చెదరలేదు.

"మాట్లాడిచ్చింది సాలు, ఆ సెయ్యి పైన గట్టిగా గుడ్డ కట్టండ్రా ఎవుడన్నా," అంది ఆనందమ్మ పైకే.

ముందు వరసలో ఈలలు వేస్తున్న వాళ్లు వెనక్కి తిరిగారు. "నోరు మూసుకోని సూడమ్మో!" అని ఒకడు అరిచాడు. జైనబ్ ఆమె మోచెయ్యి పట్టుకుని నొక్కింది.

బయటికొచ్చేసరికి అబ్దుల్ సలాం మైకు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. ఊళ్లో కేబుల్ టీవీకి వార్తలు తెచ్చేది అతనే. వచ్చిన ప్రతివాడూ సూపర్ అని, డూపర్ అని పోతున్నాడు. సలాంకు విసుగొచ్చినట్టుంది. తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ కనబడగానే ఎదురొచ్చి మైకు పెట్టాడు.

"ఎట్లుందమ్మా సినిమా?"

"ఏం బాగలేదు. మొదటిదే బాగలేదు, దాన్నే మల్లా ఎచ్చబెట్టి పెట్టినారు. అప్పుడు పది సుమోలు గాల్లోకి లేపినారు, ఇప్పుడు ఇరవై లేపినారు. కత మాత్రం లేవలా. శాస్త్రానికి ఒక పెండ్లి, దాంట్లో ఒక సావు, అయిపాయె."

"ఫైట్లు?"

"బాంబు పడినోడు అట్ల డైలాగులు సెప్పడప్పా. నీళ్లు అంటాడు. అమ్మా అంటాడు. నాకాడికి తెచ్చినారు ఇరవై రెండేండ్లోన్ని, నా సెయ్యి యాడ పడిందో ఎతికి తెండి సిస్టరమ్మా అని అడిగినాడు. ఈడ ఈలలేస్తాండారే, వాల్లను ఒక పొద్దు నా డ్రెస్సింగు రూములోకొచ్చి నిలబడమను. ఈల వస్తాదేమో సూస్తాం."

"వందకు ఎన్ని మార్కులు ఇస్తావు?"

"ఏసీకి డెబ్బై. సినిమాకు సున్న."

సలాం నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆ సాయంత్రం ఏడుకు అది కేబుల్లో వచ్చింది. తొమ్మిదికి మళ్లీ వచ్చింది. మరునాడు పొద్దున నుంచి పాటల మధ్యలో కూడా వేశారు. కూరగాయల అంగట్లో వంకాయలు తూచే ఆమె, "ఏసీకి డెబ్బై" అంటూ ఆనందమ్మ సంచిలో నాలుగు ఎక్కువ వేసింది.

ఆనందమ్మకు తెలియనిది ఒకటుంది. ఆమె సినిమాకు పోయిన ముందు రోజు, అంటే విడుదలైన రోజు, అన్ని ఆటల టికెట్లూ శేషన్న మనుషులే కొనేశారు. ఒక పార్టీకి ఆ చుట్టుపక్కల పెద్ద దిక్కు శేషన్న. థియేటరు ముందు కట్టిన బ్యానర్లలో హీరో పక్కన ఆయన బొమ్మ కూడా ఉంది. సినిమాలో హీరో తండ్రి కథ, పాత గొడవల్లో చనిపోయిన శేషన్న తండ్రి కథేనని వాళ్లు ఊరంతా చెప్పుకున్నారు. అవతలి పార్టీ వాళ్లేమో, విలన్‌కు కావాలనే తమ నాయకుడి మీసం పెట్టారని మండిపడుతున్నారు. అంటే సినిమా బాగలేదని ఒక మనిషి అంటే, ఆ మాట ఏదో ఒక పార్టీ లెక్కలోకి పోవాల్సిందే.

ముందు అవతలి పార్టీ వాళ్లు వచ్చారు. ఆదివారం చర్చి నుంచి ఆనందమ్మ, మొగుడు పౌలు ఇంటికి వచ్చేసరికి టౌను కార్యదర్శి నారాయణ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఇద్దరు. ఒకడి చేతిలో జరీ శాలువా.

"మా గుండెల్లో మాట సెప్పినావమ్మా," అన్నాడు నారాయణ లేచి. "రేపు మాది ప్రెస్ మీటింగు ఉండాది. నువ్వొచ్చి నాలుగు మాటలు సెప్పాల."

"ఏమని?"

"ఈ బాంబులు, ఈ నరుకుడు, అంతా వాల్లదేనని. నువ్వు కండ్లారా సూసినదానివి."

"నేను మీ మనుసులు యేసినవీ సూసినానప్పా. వాల్లు యేసినవీ సూసినా. కట్టు కట్టేటప్పుడు రెండూ ఒకటే మాదిరి ఉంటాయి. నేను సినిమా బాగలేదన్నా. మీరు బాగుండారని యాడన్నా అన్న్యానా?"

శాలువా పట్టుకున్నవాడు దాన్ని విప్పాలా వద్దా అని నారాయణ మొహం చూశాడు. నారాయణ నవ్వడం మానేశాడు.

"అంటే నువ్వు వాల్ల మనిసివా?"

"వాల్లను తిట్టినానని గదా నువ్వు శాలువా తెచ్చింది?"

"సూడమ్మా, ఈ ఊర్లో ఉన్నాక యాదో ఒక పక్కన ఉండాల. ఆలోసన చేసుకో," అని చెప్పి పోయాడు. శాలువా వాళ్లతోనే పోయింది.

పౌలు గుమ్మం లోపలే నిలబడి అంతా విన్నాడు. అతను కలమల్ల దగ్గర పవర్ ప్లాంటులో ఒక కాంట్రాక్టరు కింద వెల్డరు. ఆ కాంట్రాక్టరు శేషన్న మనిషి. "శాలువా యేపిచ్చుకోకుండా మంచి పని చేసినావు," అన్నాడు. "కానీ ఈ పక్కోల్లు వస్తే ఏం సెప్తావు?"

"సినిమా బాగలేదనే సెప్తా."

"నీకేం దయ్యం పట్టిందే? నువ్వు సినిమాలు సూసేదే ఏడాదికొకటి!"

సోమవారం డ్యూటీకి పోగానే డాక్టరుగారు తన గదిలోకి పిలిచారు. అక్కడ శేషన్న మేనల్లుడు సుదర్శన్ కూర్చుని ఉన్నాడు. ముప్పై ఏళ్లు ఉంటాయి. చేతిలో సెల్‌ఫోను. ఆమె లోపలికి వచ్చినా కాలు మీద కాలు తియ్యలేదు.

"సిస్టర్, నాకీ గొడవలు వద్దు," అన్నారు డాక్టరుగారు. "ఏదో ఎండలో చిరాకుగా ఉండి అన్నానని ఒక్క మాట చెప్పేయండి. అయిపోతుంది."

"చిరాకు ల్యా సార్. లోపల సల్లగా ఉండె."

సుదర్శన్ ముందుకు వంగాడు. "అది మా తాత కత. మా తాత కతకు సున్న యేస్తావా నువ్వు?"

ఆనందమ్మ అతని మొహంలోకి చూసింది. ముక్కు ఆ పెద్దాయనదే. "మీ తాతను జీపులో తెచ్చినప్పుడు నేను జమ్మలమడుగులో డ్యూటీలో ఉంటినప్పా," అంది. "ఆయన ఒక్క మాట గూడా మాట్లాడలా. మీ అవ్వ నా సెయ్యి పట్టుకోని గంటసేపు ఇడవలా. గాజులు గుచ్చుకోని నాకు రక్తమొచ్చింది, ఆమెకు తెలీలా. అదేదీ లేదు సినిమాలో. మీ తాత కత అని ఎవురు సెప్పినారో గానీ నీకు, అబద్ధం సెప్పినారు."

సుదర్శన్ కాలు మీద కాలు తీసి లేచాడు. "మా ఇంటోల్ల పేరు ఎత్తొద్దు నువ్వు. బుధవారం మ్యాట్నీకి రా. మల్లా సూడు. సూసి అదే మైకులో బాగుండాదని సెప్పు. ల్యాకపోతే నీ మొగుడు యాడ పని చేస్తాండాడో నాకు తెలుసు."

డాక్టరుగారు బల్ల మీద కాగితాలు సర్దుకుంటూ ఉండిపోయారు.

బుధవారం పొద్దున పౌలు డ్యూటీకి పోతూ, చెప్పులు వేసుకుని కూడా కాసేపు నిలబడ్డాడు. "బాగుండాదని సెప్పొచ్చెయ్. రెండు మాటలు. సినిమాలకు అబద్ధం సెప్పినందుకు దేవుడు ఎవర్నీ నరకానికి పంపడు," అన్నాడు. ఆమె కూడా చెప్పేసి వద్దామనే అనుకుంది. గొడుగు తీసుకుని ఒక్కతే పోయింది. జైనబ్‌ను వాళ్లాయన రానియ్యలేదు.

ఆరో రోజుకే థియేటరు ఖాళీగా ఉంది. సుదర్శన్ తన మనుషులు ముప్పై మందిని తెచ్చి రెండు వరసలు నింపాడు. తాను వాళ్ల ముందు కూర్చున్నాడు. ఆనందమ్మ పక్క సీట్లో గుర్రప్ప అనే మనిషి కూర్చున్నాడు. అతని కుడిచేతికి మూడు వేళ్లు లేవు. ఎనిమిదేళ్ల కింద రెండు నెలల పాటు ఆ చేతికి కట్లు మార్చింది ఆమే.

"బాగుండావా సిస్టరమ్మా?" అన్నాడు గుర్రప్ప మెల్లగా.

"బాగుండా. సెయ్యి నొస్తాందా ఇంకా?"

"సలికాలం గుంజుతాది."

సినిమా మొదలైంది. మొదటి అరగంట ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పాట వచ్చింది. హీరో మనుషులు బకెట్లలో బాంబులు పెట్టుకుని, గుట్ట మీద నుంచి గంతులేస్తూ పాడుతూ దిగుతున్నారు.

"తూ," అన్నాడు గుర్రప్ప. "బకెట్టు అట్ల ఊపుకుంటా పరిగెత్తుతాడా ఎవుడన్నా?"

"ఊపితే ఆ పాట ఆడికే అయిపోతాది మామా," అన్నాడు వెనక వరస నుంచి ఒకడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

అంతే, ఇక ఆగలేదు. చీకట్లో ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. బకెట్టు పక్కనే సిగరెట్టు ముట్టించాడు చూడమన్నాడు ఒకడు. సుమోలోంచి పదైదు మంది దిగారు, తాను లెక్కబెట్టానన్నాడు ఇంకొకడు.

"ఇంతమందిని సంపినారు గదా, ఒక్కడన్నా కోర్టు వాయిదాకు పాయనా? నేను పద్నాలుగేండ్ల నుంచి కడపకు తిరుగుతాండా."

"వాల్లకు ఎద్దులు లేవు, సేను లేదు. పొద్దన్నుంచి కత్తులు నూరుకుంటా కూసుంటే ఇంట్లో బువ్వ యాడ్నుంచి వస్తాందో సూపీలా," అన్నాడు గుర్రప్ప.

"ఆ పెండ్లాము సూడు, మొగుడు నరికేకి పోతాంటే బొట్టు పెట్టి పంపుతాంది. నా పెండ్లామైతే తలుపు గడి యేసి తాళం సెవి నీళ్ల తొట్లో యేసింది."

"నోరు మూయండ్రా!" అని ముందు నుంచి సుదర్శన్ కేక వేశాడు.

అందరూ గమ్మున ఉండిపోయారు. ఆనందమ్మ అయితే ఈసారి మొదటి నుంచీ ఒక్క మాట కూడా అనలేదు. ఆమె అనదలుచుకున్నవన్నీ వాళ్లే అనేశారు. తర్వాత బాంబు పడిన అనుచరుడు హీరో ఒళ్లో తల పెట్టుకుని మాట్లాడే ఘట్టం వచ్చింది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. గుర్రప్ప భుజం మీద తువ్వాలు తీసి కుడిచేతి మీద కప్పుకున్నాడు.

బయట సలాం కెమెరా పెట్టుకుని ఉన్నాడు. ఆనందమ్మ వైపు చూడలేక లెన్సు తుడుస్తున్నాడు. సుదర్శన్ ముందు తన మనుషులను పంపాడు. మొదట గుర్రప్ప.

"సూపర్," అన్నాడు గుర్రప్ప మైకులో. "మొదటిదాని కంటే రెండోదే బాగుండాది. నూర్రోజులాడ్తాది." తర్వాత వచ్చిన వాళ్లందరూ సూపర్ అన్నారు. వాయిదాలకు తిరిగే మనిషి అయితే రెండుసార్లు అన్నాడు.

ఆనందమ్మ వంతు వచ్చింది. లోపల ఏం మాట్లాడారో ఈ మనుషులనే అడగమని సలాంతో ఒక్క మాట అంటే చాలు. అది నాలుక చివరి దాకా వచ్చింది. గుర్రప్ప నేల చూస్తున్నాడు. ఆ మాట బయటికొస్తే సాయంత్రానికి అతని గతి ఏమవుతుందో ఆమెకు తెలుసు. మళ్లీ కట్టు కట్టాల్సింది తానే. బాగుండాదని చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ అప్పుడే సూపర్ అని దిగిపోయిన ముప్పై మొహాలు ఎదురుగా కనబడ్డాయి. ఆ మాట రాలేదు.

"రెండుసార్లు సూసినా," అంది. "రెండుసార్లూ నచ్చలా. ఇంతమందికి నచ్చిందంటాండారు, సంతోషం. నాకు నచ్చలా. అంతే."

సుదర్శన్ కెమెరాలోంచి క్యాసెట్టు పీకి జేబులో వేసుకున్నాడు. "పిచ్చా నీకు? ముసిల్దానివి, ఒక సినిమాకు ఇంత పట్టుదలా?"

"నాకు లేదప్పా. నువ్వే గదా నన్ను రెండోసారి పిలిపిచ్చింది."

అతను చెయ్యెత్తాడు. "అన్నా, ఆడమనిసి," అన్నాడు గుర్రప్ప తల ఎత్తకుండానే. సుదర్శన్ చెయ్యి దించి ఆమె చేతిలో గొడుగు లాక్కున్నాడు. మోకాలి మీద పెట్టి విరిచి మెట్ల మీద పారేశాడు. ఆనందమ్మ ఆ ఎండలో కొంగు నెత్తిన వేసుకుని ఇంటికి నడిచింది.

మరునాడు గేటు దగ్గర పౌలు పాసు ఆపేశారు. కాంట్రాక్టరు కనబడలేదు. అతని మేస్త్రీ మాత్రం, "ఇంటికి పో అన్నా, కొన్నాల్లు," అన్నాడు. డాక్టరుగారు ఆనందమ్మను నెల రోజులు సెలవులో ఉండమన్నారు. ఆ నెల మళ్లీ ఎప్పటికీ తీరలేదు. ఒక సాయంత్రం కిటికీ అద్దం మీద రాయి పడింది. జైనబ్ గోడ మీద నుంచి మందపాటి గుడ్డతో కుట్టిన తెర అందించింది. నారాయణ కూడా ఇంకోసారి మనిషిని పంపాడు, ఇప్పుడైనా మా వైపు రమ్మని. పౌలు కుర్చీ వేశాడు. ఆనందమ్మ ఆ కుర్చీ తీసి లోపల పెట్టింది.

"ఒక సినిమా కోసం నా పని పాయె," అన్నాడు పౌలు ఆ రోజు.

"సినిమా కోసం కాదు."

"మరి దేనికోసం? సెప్పు, నేనూ ఇంటా."

ఆమెకు ఎంత వెతికినా, నచ్చలేదు కాబట్టి నచ్చలేదన్నాను అనే మాట తప్ప ఏదీ దొరకలేదు. అది అంత నష్టానికి సరిపోయే మాట కాదని ఆమెకూ తెలుసు. పౌలు పన్నెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అన్నం పెడితే తినేవాడు, ప్లేటు తనే కడుక్కునేవాడు.

'పెన్నా పంతం' రెండో భాగం పదకొండో రోజు ఎత్తేశారు. దాని చోట ఇంకేదో రెండో భాగం వచ్చింది. శేషన్న బొమ్మ ఉన్న బ్యానరును ఎవరో తీసుకుపోయి చెరుకురసం బండికి నీడగా కట్టుకున్నారు. ఆ తర్వాత ఆ సంగతి అడిగిన వాళ్లు లేరు. ఆనందమ్మను తిరిగి రమ్మన్న వాళ్లూ లేరు.

జూలైలో పులివెందులలో ఒక చిన్న ఆసుపత్రిలో పని దొరికింది. పొద్దున ఆరింటి బస్సు ఎక్కితే ముద్దనూరు మీదుగా ఎనిమిదిన్నరకు చేరేది. సెప్టెంబరులో ప్లాంటులో బాయిలరు గొట్టాలు పగిలాయి. వాటిని అతికే చెయ్యి దొరక్క కాంట్రాక్టరే పౌలుకు కబురు పంపాడు. గేటు పాసు మళ్లీ వచ్చింది. క్షమాపణ ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అప్పటి నుంచి మొగుడూ పెళ్లామూ ఒకే బస్సులో పోతున్నారు. అతను కలమల్లలో దిగుతాడు. మాట్లాడుకోవడం మొదలైంది గానీ, సినిమా అనే మాట మాత్రం ఇంట్లో వినబడేది కాదు.

ఒక పొద్దున బస్సు ఊరు దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే పౌలు అడిగాడు. "ఇంతకీ ఆ సినిమాలో కతేంది?"

ఆనందమ్మ అతని వైపు తిరిగింది. అన్ని నెలల్లో ఎవరూ ఆమెను ఆ మాట అడగలేదు. అందరూ బాగుందా లేదా అన్నదే అడిగారు. ఆమె మొదటి నుంచీ మొదలుపెట్టింది. హీరో జైలు నుంచి రావడం, ఊళ్లో సగం మంది పూలు చల్లడం, సగం మంది తలుపులు మూసుకోవడం, బెంగుళూరు తమ్ముడు గుర్రం మీద రావడం. బెంగుళూరులో గుర్రాలెక్కడివి అని మధ్యలో తిట్టింది. ఆ తమ్ముడి కూతురు హీరో ఇంట్లోనే టీచరుగా చేరడం, ఆమె ఎవరో హీరో తల్లికి ముందే తెలిసినా చెప్పకపోవడం. అక్కడ ఇంకో తిట్టు. పౌలు మెల్లగా ఇటు తిరిగాడు. ముందు సీట్లో ఆకుకూరల గంప పెట్టుకున్న ఆమె కూడా చెవి ఇటే వేసింది. పెళ్లి పందిట్లో తల్లి, కోడలు కాబోయే పిల్ల చెయ్యి పట్టుకుని నిజం చెప్పబోయే చోటికి వచ్చేసరికి కండక్టరు ఈల ఊదాడు. కలమల్ల.

పౌలు క్యారియరు తీసుకుని లేచాడు. మెట్టు మీద ఆగి వెనక్కి చూశాడు.

"ఇంటాంటే బాగనే ఉండాదే," అని దిగిపోయాడు.

ఆనందమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. "నేను సెప్తాంటే బాగుండాదప్పా! వాల్లు తీస్తే కాదు!" అని అరిచింది. అతను అప్పటికే రోడ్డు దాటి గేటు వైపు నడుస్తున్నాడు. బస్సు కదిలింది. పులివెందుల వచ్చేదాకా ఆమెకు కోపం దిగలేదు.